సీమగొర్రెకు మూడు కత్తెర్లు

ముందే ఒప్పేసుకుంటాను. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. దారిలో చీమను చూస్తే ఇంటికి చేరేలోపు అది ఏనుగవుతుంది. వాకిట్లో అడుగుపెట్టేసరికి దాని మీద అంబారీ కూడా ఉంటుంది. మా ఆవిడ నా మాటల్లో రూపాయికి ఆరణాలు నిజమని జమకట్టుకుని, మిగతా పదణాలూ వినోదం కింద వదిలేస్తుంది. పాఠకులు కూడా అదే పద్ధతి పాటించవచ్చు. కొత్త పైసలు వచ్చాక అణాల లెక్క మరిచిపోయినవారు ఎవరికి తోచిన తరుగు వారు తీసుకోండి.

అయితే ఈసారి నాకొక చిక్కు వచ్చిపడింది. నెల్లూరు సముద్రపు ఒడ్డున నేను చూసిన సంగతి, నేను చెయ్యి పెట్టకముందే పెరిగి కూర్చుంది. దాన్ని ఇంకా పెంచడానికి నాకే జంకు కలిగింది. అందుకని ఎండనూ, దోమలనూ, పులుసునూ నా శక్తికొద్దీ పెంచుతాను. ఆ ఒక్క సంగతిని మాత్రం వీలైనంత వరకు దాని మానాన వదిలేస్తాను.

నెల్లూరు

నేను నెల్లూరులో దిగింది రోహిణి కార్తెలో. ఆ కార్తెలో రోళ్ళు పగులుతాయని మా తెనాలిలోనూ అంటారు కానీ, మా రోళ్ళు మాటవరసకే పగులుతాయి. నెల్లూరులో స్టేషను నుంచి బయటికి వచ్చేసరికి నా నీడ నన్ను వదిలేసి, ఎదురుగా ఉన్న సోడా కొట్టు పంచలోకి వెళ్ళి కూర్చుంది. వెళ్ళి బతిమాలి తెచ్చుకున్నాను. మా డాక్టరుగారు నా ఛాతీ మీద వేళ్ళతో మద్దెల వాయించి, కొన్నాళ్ళు సముద్రపు గాలి పీల్చి రమ్మన్నారు. గాలికి సీసా, మూత, బిరడా ఏమీ లేవు గనుక నేను వెంటనే సరేనన్నాను.

మధ్యాహ్నం ఒక మెస్సులో భోజనానికి కూర్చున్నాను. మొలకొలుకుల బియ్యం అన్నం, ఏ మెతుకుకు ఆ మెతుకే, ఒకదాని మీద ఒకటి వాలితే మర్యాద కాదన్నట్టు. మామిడికాయ ముక్కలు వేసిన చేపల పులుసు. మా వైపు పులుసులో కారం ముందుకొచ్చి పలకరిస్తుంది. ఇక్కడ పులుపు ఇంటి యజమాని. కారం లోపల్నించి దగ్గుతూ ఉంటుంది. ఆ పులుసు రాత్రంతా ఊరిన నిన్నటిది కాదని, ఇవాళే వండిందని వడ్డించేవాడు నాకు క్షమాపణ చెప్పుకున్నాడు. మా ఊళ్ళో ‘ఇంకాస్త వడ్డించమంటారా’ అని అడుగుతారు, మనం వద్దంటూ విస్తరి మీద చెయ్యి అడ్డం పెడతాం. నెల్లూరులో అడిగే అలవాటు లేదు. చెయ్యి అడ్డం పెడితే చేతి మీదే వడ్డిస్తారు. ఆ పూట నేను తిన్న అన్నంతో ఒక మడి ఖాళీ అయి ఉంటుంది.

పక్క విస్తరి ముందు నా వయసు మనిషే ఒకడు కూర్చున్నాడు. ఖాకీ చొక్కా, దాని మీద భుజం నుంచి జేబు దాకా ఆకుపచ్చ మరకలు.

“వాసన వస్తా ఉందా సామీ?” అని అతనే ముందు అడిగాడు.

“గడ్డి వాసనలా ఉంది,” అన్నాను మర్యాదగా.

“గడ్డే. నమిలిన గడ్డి. పొద్దున రాణమ్మ ఊసింది నా మీద.”

“మీ ఆవిడా?”

“మా ఆమె అట్టాంటిది కాదు సామీ. రాణమ్మంటే సీమగొర్రె.”

అతని పేరు సాల్మను. నెల్లూరు క్రైస్తవుడు, ఒక సర్కసు కంపెనీలో జంతువుల మనిషి. ఆ కంపెనీకి ఒక లామాల జంట ఉంది. అవి ఎక్కడో పెరూ దేశపు మంచుకొండల మీద బరువులు మోసే జాతి. మన చింతకంటే సీమచింత వేరైనట్టు, మన గొర్రెకంటే ఇది వేరు గనుక సాల్మను దానికి సీమగొర్రె అని పేరు పెట్టాడు. మగది రాజా, ఆడది రాణి. కంపెనీ డేరాలెత్తి మద్రాసు దారి పట్టింది. మిగతా జంతువులన్నీ రైళ్ళూ లారీలూ ఎక్కి వెళ్ళిపోయాయి. రాణిని లారీ ఎక్కిస్తే నురగలు కక్కిందట. అందుకని ఈ జంటను బకింగ్‌హాం కాలువ మీద పడవలో మెల్లగా తీసుకురమ్మని మేనేజరు సాల్మనుకు అప్పగించాడు.

“దారిలో దానికి ఏమన్నా అయితే?” అన్నాను.

“అయితే మద్రాసు రావద్దన్నాడు. ఆయన అనకపోయినా నేను పోతానా? ఖాళీ తాడు చేత పట్టుకోని ఆ డేరాలోకి ఏ మొకంతో పోయేది సామీ?” అన్నాడు సాల్మను. తర్వాత మజ్జిగ పోయించుకోకుండానే లేచాడు. మజ్జిగ వదులుకున్న మనిషి బాధ నాకు అర్థమవుతుంది. నేనూ వెంట వస్తానన్నాను.

తోటపల్లి గూడూరు

కాలువ ఒడ్డుకు బండిలో వెళ్ళాం. దారి పొడుగునా కోసిన మళ్ళు, దుబ్బుల మీద కొంగలు. ఎండకు కొంగలు కూడా ఒంటికాలి మీద నిలబడుతున్నాయి. రెండో కాలు నేల మీద పెడితే కాలుతుందని నాకు అప్పుడు బోధపడింది.

రేవులో ఉప్పు దించేసిన పెద్ద పడవ. దానిలో తాటాకుల పందిరి కింద రెండు మెడలు. ముందు మెడలే కనిపించాయి. తాటిచెట్టంత అని రాయబోయాను. తరుగు మీరు తీసేలోపు నేనే తీసి, కొబ్బరిమొక్కంత అంటాను. మెడ ఒంటెది, ఒళ్ళు గొర్రెది, చెవులు కుందేలువి. కనురెప్పలు మాత్రం ఏ జంతువువీ కావు, కొత్తగా కాటుక పెట్టుకున్న పెళ్ళికూతురివి. రాజాకు బొచ్చు ఓ మోస్తరుగా ఉంది. రాణికి పైనుంచి కింద దాకా పరుపులు పరిచి కుట్టినట్టుంది. లేత దాల్చినచెక్క రంగు. దానిలో చెయ్యి పెడితే మోచేయి దాకా మాయమైంది. తీసి చూసుకుంటే ఉంగరం ఉంది గానీ చేతిగడియారం ఆగిపోయింది, ఉక్కకు.

పడవ సరంగు అంకయ్య. చుట్ట నోట్లో ఉంటే తప్ప అతని మాట అర్థం కాదు. అతను పందిరిలోకి తొంగిచూసి, “ఏందిది సాల్మనూ, ఒంటెకు పుట్టిన గొర్రా, గొర్రెకు పుట్టిన ఒంటా?” అన్నాడు.

“దేనికి పుట్టినా ముందు మూతి దగ్గర నిలబడబాకన్నా,” అన్నాడు సాల్మను.

హెచ్చరిక కాస్త ఆలస్యమైంది. అంకయ్య చుట్ట ఆరిపోయింది. అతను మొహం తుడుచుకుని, కోపం తెచ్చుకోకుండా, “ఆడదా?” అని అడిగాడు. ఔనన్నాక, “అనుకున్నా,” అని తెరచాప విప్పాడు.

పడవ కదిలాక ఒక శబ్దం వినిపించింది. మూసిన నోటితో, ముక్కులోంచి, ‘మ్మ్‌మ్’ అని సన్నగా. తంబూరా శ్రుతి చేస్తున్నట్టుంది. రాణి. “ఆమె అట్నే మాట్లాడతాది సామీ. బాగుంటే ఒక రాగం, బాగాలేకపోతే ఒక రాగం,” అన్నాడు సాల్మను.

“ఇప్పుడేది?”

అతను గోనెపట్టా తడిపి దాని మెడ మీద వేశాడు.

కృష్ణపట్నం

తెల్లారి కృష్ణపట్నం దగ్గర ఉప్పుటేరు దాటాం. రెండు వైపులా ఉప్పు మళ్ళు. కళ్ళు తెరిస్తే తెల్లగా, మూస్తే ఎర్రగా కనిపించాయి. ఒడ్డున ఒకామె తాటిముంజలు అమ్ముతోంది. మా వైపు లెక్కపెట్టి ఇస్తారు. ఈమె ‘కడుపు చాలు అనేదాకా తినండి, తర్వాత చూద్దాం’ అంది. నేను ఒక తాడితోపు తినేశాను. ఆమె అణా తీసుకుని, మంచినీళ్ళు కూడా ఇచ్చి పంపింది.

ముంజలు రాజా తిన్నాడు. రాణి వాసన కూడా చూడలేదు.

ఏరు దాటాక గాలి పడిపోయింది. తెరచాప తడిగుడ్డలా వేలాడింది. అంకయ్య మనుషులు ఒడ్డు మీదికి దిగి తాడుతో లాగడం మొదలుపెట్టారు. పడవ నత్తకు దారి ఇస్తూ నడిచింది. పందిరి కింద రాణి కాళ్ళు మడిచి కూలబడింది. నోరు తెరిచి, నాలిక పక్కకు వేసి రొప్పుతోంది. ఆ శ్రుతి ఆగిపోయింది.

“నిన్నటి నుంచి మేత ముట్టలా,” అన్నాడు సాల్మను. “ఆమె దేశంలో ఈ కాలానికి బొచ్చు కత్తిరిస్తారంట. తెచ్చిన దొర చెప్పిపోయినాడు. కత్తిరించేవోడు మాత్రం ఆయనతోనే పోయినాడు. ఇప్పుడు తీయకపోతే రేపటికి నా చేతిలో తాడే మిగిలేది.”

ఒడ్డు మీద ఒక కాపరి గొర్రెల మందను తోలుకుపోతున్నాడు. సాల్మను పడవలోంచే కేకేశాడు. “అన్నా, గొర్రె బొచ్చు తీయను వస్తావా?”

కాపరి ఆగి, తన మందనూ మా పందిరినీ మార్చి మార్చి చూశాడు. నెల్లూరు గొర్రెలు మీరు చూశారో లేదో. పొడుగ్గా, నున్నగా, మేకల్లా ఉంటాయి. “మా గొర్రెలకు యాడుంది బొచ్చు? కత్తెరంటే ఎట్టుంటాదో మాకు తెలీదు,” అన్నాడు. “కంబళ్ళు నేసే దేశానికి పోండి, కడప పక్కకి.”

కడప పక్కకి ఆ కాలువ పోదు. అప్పుడు అంకయ్య చుట్ట నోట్లోకి తెచ్చుకుని అన్నాడు. “పట్టపుపాలెంలో మునెయ్య ఉంటాడు ఈ పూట. మంగలి. కత్తెర కత్తెరే కదా.”

పట్టపుపాలెం

పాలెం అంటే కాలువకూ సముద్రానికీ మధ్య ఇసుక మీద ఉన్న బెస్తవాళ్ళ గుడిసెలు. సరుగుడు తోపు నీడలో మునెయ్య పెట్టె తెరుచుకుని కూర్చున్నాడు. లోపలి రైతుల ఊరి నుంచి వారం వారం నడిచి వచ్చి, పాలెం మగవాళ్ళందరికీ క్షవరం చేసి వెళతాడు. కూలి చేపల్లోనే. గడ్డానికి గుప్పెడు నెత్తళ్ళు, తలకు దోసెడు; పెళ్ళికొడుకైతే ఒక వంజరం. ఆ పద్ధతి మా తెనాలిలో పెడితే మా మంగలి దుకాణం ముందు పిల్లులు బారులు తీరతాయి.

రాణిని మోసి తెచ్చి నీడలో దించారు. రాజా తనంతట నడిచి వచ్చాడు. పాలెం మొత్తం చుట్టూ చేరింది. మునెయ్య లేచి, రాజా చుట్టూ ప్రదక్షిణం చేసి, తలకాయ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో అంచనా వేసుకున్నాడు.

“మొగోడే కదా? రానీ,” అన్నాడు.

అతను చేసిన మొదటి పని నీళ్ళు పోయడం. తల తడపకుండా కత్తెర పెట్టడం ఆ వృత్తిలో లేదు. రాజా బొచ్చు ఒక కడవ తాగింది. రెండో కడవ తాగింది. చెరువు తాగిందని రాద్దామనుకున్నాను కానీ అక్కడ చెరువు లేదు. తడిసిన బొచ్చు కత్తెరకు కొబ్బరి పీచులా చుట్టుకుంది. రాజా కొంతసేపు ఓర్చుకుని, తల తిప్పి, మునెయ్య నుదుటి మీద విభూతి పెట్టుకునే చోట ఉమ్మాడు.

మునెయ్య తువ్వాలుతో తుడుచుకున్నాడు. “ముప్పై ఏళ్ళుగా గడ్డాలు గీస్తా ఉండా. తెగినప్పుడు కూడా ఇట్టా ఊసినోడు లేడు,” అన్నాడు. అయినా వదల్లేదు. బొచ్చు ఎండేదాకా రాజా వీపు రాస్తూ కూర్చుని, మళ్ళీ కత్తెర తీసి, ఎడమ పక్కంతా మెడ నుంచి తోక దాకా నున్నగా తీశాడు. చేతిలో పని ఉందని ఒప్పుకోవాలి. ఎడమ నుంచి చూస్తే జింక, కుడి నుంచి చూస్తే పరుపుల మూట.

“ఇంక దాన్ని చూడన్నా, అది ఆగలేదు,” అన్నాడు సాల్మను రాణి పక్కన కూర్చుని.

మునెయ్య వచ్చాడు. కత్తెర తెరిచాడు. ఆగాడు. “ఇది ఆడదా?”

“ఆడదే.”

“మొగుడుండాడా?”

“ఇప్పుడు నువ్వు చేస్తా ఉండిందే ఆయనకు.”

మునెయ్య కత్తెర మూసి పెట్టెలో పెట్టేశాడు. “మొగుడు కళ్ళెదురుగా నిలబడుండంగా పునిస్త్రీకి ఒంటి మీద కత్తెర పెట్టేదా? మా వంశంలో ఎవరూ చేయలేదు. నేను చేయను.”

“గొర్రె కదన్నా అది.”

“గొర్రె అయితే కాపరిని పిలుచుకోవాల. మంగలిని పిలిచినావంటే మనిషి లెక్కే.”

 ఈ మాటకు జవాబు నేను ఇప్పటికీ వెతుకుతున్నాను. సాల్మను బతిమాలాడు, కాళ్ళు పట్టుకోబోయాడు. మునెయ్య వెనక్కి జరిగి, “నా మీద కోపం బెట్టుకోబాక తమ్ముడా. దాని మొగుడికి ఏమన్నా అయితే ఆ పాపం ఎవురు మోస్తారు?” అన్నాడు. అతను ఆట పట్టించడం లేదు. అతని మొహం చెమటలు పట్టింది. రాణి రొప్పు ఇంకా పైకి వెళ్ళింది.

అప్పుడు గుంపును రెండుగా చీల్చుకుంటూ వెంగమ్మ వచ్చింది. పాలెంలో కాన్పులన్నీ ఆమె చేతి మీదే. మనిషి సన్నం, గొంతు మాత్రం శ్రీహరికోట దాకా వినిపిస్తుంది, ఇందులో తరుగు తీయనక్కర్లేదు. ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. రాణి పక్కన ఇసుకలో కూర్చుని, బొచ్చులోకి రెండు చేతులూ పోనిచ్చి, పొట్ట దగ్గర ఆపి, కళ్ళు మూసుకుంది.

“ఇది సూలుతో ఉండాది,” అంది.

సాల్మను నోరు తెరిచాడు. “తవుడు తిని లావైందనుకున్నానే అక్కా.”

“తవుడుకి కాళ్ళుంటాయా? లోపల తంతా ఉండాది.”

ఈ మాట వినగానే మునెయ్య రాజా వైపు చూశాడు. చూసి, లెంపలు వాయించుకున్నాడు. భార్య కడుపుతో ఉంటే కాన్పు అయ్యేదాకా భర్త క్షవరం చేయించుకోకూడదు. అది మా తెనాలిలోనూ ఉంది. మా పెద్దవాడు పుట్టేముందు నేనూ మునీశ్వరుడిలా తిరిగాను. “సూలాలి మొగుడికి కత్తెర పెట్టినానే,” అంటూ మునెయ్య ఇసుకలో కూలబడ్డాడు. “సగంలోనే ఆపినావు కదా, సగం పాపమేలే,” అని ఎవరో ఓదార్చారు. రాజా కుడి పక్క బొచ్చు ఆ క్షణం నుంచి కాన్పు దాకా భద్రం. ఆ అవతారంతోనే వాడు మద్రాసు చేరి ఉంటాడు.

నవ్వినవాళ్ళు నవ్వారు కానీ సాల్మను నవ్వలేదు. ఇప్పుడు అతని చేతిలో ఉన్నవి రెండు ప్రాణాలు. తువ్వాలుతో రాణికి విసురుతూనే ఉన్నాడు. ఆ గాలికి దాని బొచ్చు పైపొర కూడా కదలడం లేదు.

వెంగమ్మ మునెయ్య ఎదుటికి వెళ్ళి నిలబడింది. “పోయినేడు నేను తిరుపతి కొండకు పోయినా. మొక్కుకు మూడు కత్తెర్లు ఇచ్చినా. నా మొగుడు నా పక్కనే ఉండె. పోయినాడా? అదో, బీడీ తాగతా ఉండాడు.”

అందరూ ఆ భర్త వైపు చూశారు. ఆయన బతికే ఉన్నట్టు బీడీ చూపించాడు.

ఇక్కడ దూరప్రాంతాల పాఠకులకు ఒక మాట. కొండకు వెళ్ళిన మగవాళ్ళు గుండు చేయించుకుంటారు. ముత్తయిదువలు గుండు కాకుండా, తల వెంట్రుకల్లోంచి మూడు కత్తెర్లు మాత్రం ఇస్తారు. దేవుడి మొక్కు గనుక దానికి ఏ పట్టింపూ లేదు.

మునెయ్య ఆలోచించాడు. “మూడు కత్తెర్లంటే సరే. మూడిటికి దీని చెవి కూడా చల్లబడదు కదక్కా.”

“అది నా మొక్కు. దాని తర్వాత మా తోడికోడలి మొక్కు. ఆ తర్వాత దాని కూతురిది. పాలెంలో ఆడోళ్ళకు కరువా?”

“ఒకరి మొక్కు ఇంకొకరి జుట్టుతో చెల్లతాదా?”

“చంటిబిడ్డ పుట్టెంటికలు ఎవురు మొక్కుతారు, బిడ్డా, తల్లా? నోరు లేని బిడ్డకు తల్లి మొక్కితే చెల్లతాది. దీనికీ నోరు లేదు. ఈ పూటకు మేమే తల్లులం.”

 మునెయ్య తలపాగా విప్పి, మళ్ళీ చుట్టుకున్నాడు. పెట్టె తెరిచి కత్తెర తీశాడు. ఈసారి నీళ్ళు అడగలేదు.

నేను ఇక్కడి నుంచి నా గొంతు తగ్గిస్తున్నాను. వెంగమ్మ రాణి తలను ఒడిలోకి తీసుకుని, పైటచెంగు కళ్ళ మీద కప్పింది. ఇసుక మీద ఉతికిన చీర ఒకటి పరిచారు. మొదట వెంగమ్మ మొక్కు. మునెయ్య కత్తెరను అది తెరుచుకోగలిగినంతా తెరిచి, మెడ మొదట్లో ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు నొక్కి, ఆగాడు. బొచ్చు చీర మీద పడింది. ఆ పడడం కూడా చప్పుడు లేకుండా పడింది. తర్వాత తోడికోడలు. ఆమె రాణి మెడ మీద చెయ్యి పెట్టి, పెదాలు కదిలించి, ‘గోవిందా’ అంది. మూడు కత్తెర్లు. ఆ తర్వాత ఇంకొకామె. వలలు బాగు చేసుకుంటున్నవాళ్ళు, చేపలు ఎండబెడుతున్నవాళ్ళు, చంకలో బిడ్డలతో ఉన్నవాళ్ళు, ఒకరి వెనక ఒకరు వచ్చారు. ఎవరి మొక్కు వాళ్ళది. ఒకామె పడవ తిరిగి రావాలని మొక్కింది. ఒకామె అత్త దగ్గు తగ్గాలని. ఒక పడుచుపిల్ల ఏం మొక్కిందో ఎవరికీ వినిపించలేదు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

ఎవరికీ నాలుగో కత్తెర లేదు. మునెయ్య చెయ్యి ప్రతి మూడింటికీ ఆగింది. పొట్ట దగ్గరికి వచ్చినప్పుడు తన ఎడమ అరచేతిని చర్మానికీ కత్తెరకూ మధ్య పెట్టుకుని కత్తిరించాడు, మొన తగిలితే తనకే తగలాలని.

మధ్యలో రాణి బెదిరి తల ఎగరేయబోయింది. వెంగమ్మ నోరు మూసుకుని, ముక్కులోంచి, జోలపాటలో మాటలన్నీ తీసేస్తే మిగిలే రాగం ఏదో తీసింది. కాసేపటికి పక్కామె అందుకుంది. ఆమె పక్కన మరొకామె. ఆ ఒడ్డున నిలబడ్డ ఆడవాళ్ళందరి ముక్కుల్లోంచీ ఒకటే సన్నని శ్రుతి. అప్పుడు ఆ శ్రుతిలోకి కింది నుంచి ఇంకొక గొంతు వచ్చి కలిసింది. వెంగమ్మ ఒడిలోంచి. సాల్మను తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.  ఆ ఎండలో చలి వేసిన మనిషిని నేనొక్కడినే అయి ఉంటాను. ఇక్కడ తరుగు తీయకండి.

పాలెంలో ఆడవాళ్ళు అయిపోయారు. కడుపు కింద అరచేయంత చోట బొచ్చు ఇంకా మిగిలింది. మునెయ్య చుట్టూ చూశాడు.

“నా పేరు మీద తీయి అన్నా,” అన్నాడు సాల్మను.

“గోవిందా అంటావా నువ్వు?”

“మీరు గోవిందా అనండి. నేను ఆమెన్ అంటా.”

మునెయ్య కాసేపు ఆకాశం వైపు చూశాడు. “పైన వాళ్ళూ వాళ్ళూ చూసుకుంటారులే,” అని మూడు కత్తెర్లు వేశాడు. పాలెం గోవిందా అంది. సాల్మను ఆమెన్ అన్నాడు.

వెంగమ్మ చీర నాలుగు చెంగులూ కలిపి మూట కట్టింది. “దిండుకు గుప్పెడు ఇయ్యవా?” అని భర్త అడిగితే, “కొండ సొమ్ము,” అని మూట గుడిసెలో దూలానికి వేలాడదీసి వచ్చింది.

రాణి మాత్రం లేవలేదు. కాళ్ళు మడిచిన చోటే ఉంది. ఎండ వాలింది. సరుగుడు చెట్ల చివర్లు ముందు కదిలాయి, తర్వాత కొమ్మలు. సముద్రపు గాలి వచ్చింది. ఆ గాలి రాణి ఒంటి మీదుగా వెళుతుంటే, పొట్టిగా మిగిలిన బొచ్చు వరిమడిలా ఒకవైపు వాలి లేవడం కనిపించింది. అది నోరు మూసుకుంది. ముక్కుపుటాలు తెరుచుకున్నాయి. ముందు మోకాళ్ళ మీద లేచి, వెనక కాళ్ళు నిలదొక్కుకుని, నిలబడింది.

ఆ పరుపుల లోపల ఉన్నది ఇంత సన్నని ప్రాణి అని ఎవరూ అనుకోలేదు. మెడ ఎండుగడ్డిలా ఉంది, కాళ్ళు గెడల్లా ఉన్నాయి. అంతటిలోనూ నిండుగా ఉన్నది పొట్ట ఒక్కటే. అందరం చూస్తుండగానే ఆ పొట్ట పక్కన చర్మం కింద ఒక చిన్న గుబ్బ లేచి, జరిగి, అణిగిపోయింది. ఆడవాళ్ళు చేతులు జోడించారు. రాజా తన సగం క్షవరంతో దగ్గరికి వచ్చి, ఇదెవరో కొత్తామె అన్నట్టు వాసన చూసి, మళ్ళీ చూసి, గుర్తుపట్టి పక్కన నిలబడ్డాడు.

రాణి గుంపును దాటుకుంటూ నడిచి వచ్చింది. సాల్మను చేతిలోని తవుడు తిన్నది. తర్వాత ఇంకో రెండడుగులు వేసి, నా దగ్గర ఆగి, ఆ పొడుగాటి మెడను నా భుజం మీద వాల్చింది. వెచ్చగా, బరువు లేకుండా. చెవి దగ్గర ‘మ్మ్‌మ్’ అంది.

శ్రీహరికోట

మర్నాడు గాలి బాగా వీచి తెరచాప నిండింది. శ్రీహరికోట రేవులో కట్టెల పడవలు వరసగా ఉన్నాయి. నేను అక్కడ దిగిపోయాను. మద్రాసుకు పోయే కట్టెల మీద కూర్చున్న కాకులు కూడా ఒళ్ళు బలిసి కొంగలంత ఉన్నాయి. ఇది నేను మళ్ళీ అలవాటులో పడ్డాననడానికి గుర్తు. దీవిలో చేపల వేపుడుతో ఇంకో పూట భోజనం చేశాను. ఒడ్డున నిలబడి చూస్తే, సాల్మను పడవలో కూర్చుని గడ్డి పోచలు ఒకటొకటిగా అందిస్తున్నాడు, రాణి అందుకుని నములుతోంది. దిగేముందు అతనితో, “ఇంక నిశ్చింతగా డేరాకు వెళ్ళవచ్చు,” అన్నాను.

“ఇద్దర్ని తీసుకరమ్మన్నాడు మేనేజరు. ముగ్గురితో పోతా ఉండా,” అన్నాడు. చొక్కా మీద కొత్త మరక ఉంది. దాన్ని అతను తుడుచుకోలేదు.

ఇంటికి వచ్చి ఇదంతా చెప్పాను. మా ఆవిడ అలవాటు ప్రకారం వింటూ, మూడు కత్తెర్ల దగ్గరికి వచ్చేసరికి చేతిలో పని ఆపేసింది. అంతా విన్నాక, “ఇందులో అబద్ధం ఎంత?” అని అడిగింది. ఆరణాలా, పదణాలా అని ఆమె ముందే తేల్చుకోకుండా నన్ను అడగడం ఇదే మొదటిసారి. అందుకని ఆమెకు చెప్పిందే మీకూ చెబుతున్నాను.

తాటిచెట్లూ చెరువులూ పోనివ్వండి, వాటిని మీరు ఎటూ నమ్మలేదు. వెంగమ్మ ఉంది. మునెయ్య ఉన్నాడు. మూడు కత్తెర్లు మూడు కత్తెర్లే. ఆ శ్రుతి నేను విన్నదే. నేను కల్పించింది భుజం ఒక్కటే. ఆ సమయానికి నేను అందరికంటే వెనక, ఉమ్మితే అందనంత దూరంలో, సరుగుడు చెట్టు చాటున నిలబడి ఉన్నాను. అక్కడ ఉండాలని ఎంతగా అనిపించిందో ఏమో, రాస్తున్నప్పుడు నా చెయ్యి నన్ను అక్కడికి తోసేసింది.

రాణి మెడ వాలింది మునెయ్య భుజం మీద. అతను పెట్టె సర్దుకుంటూ వంగి లేచాడు, అంతలో వాలింది. కత్తెర ఉన్న చేతిని దానికి తగలకుండా మెల్లగా వీపు వెనక్కి తీసుకుపోయి, కళ్ళు కూడా ఆర్పకుండా నిలబడిపోయాడు. కూలికని తెచ్చిన చేపల బుట్ట ముందు పెట్టినా చూడలేదు. పొద్దు పోతోంది, ఊరికి నడవాలి కదా అని ఎవరో అంటే, ఊ అనలేదు. రాణి తనంతట తాను మెడ ఎత్తుకునేదాకా మునెయ్య అక్కడే ఉన్నాడు.